నైట్రిక్ ఆక్సైడూ సరసమ్మ గొంతూ

గుడియాత్తం,
జూలై 8.

డాక్టరమ్మ మీనా గారికి,

బలరామయ్య నమస్కారాలు. ఇక్కడ నా రెండు చెవులు తప్ప అందరమూ క్షేమం. అక్కడ మీరూ, మీ చెవులూ క్షేమమని తలుస్తాను.

పోయిన నెల మీకు తమిళంలో ఒక కార్డు రాశాను. మీది మదనపల్లి అనీ, తమిళం మాట్లాడటమే గానీ చదవటం రాదనీ, తెలుగులో రాయమనీ జవాబిచ్చారు. నా సంగతి దానికి తలకిందులు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో తెలుగే మాట్లాడతాను గానీ చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. నా భార్య సరసమ్మ పలమనేరు పక్క పిల్ల, ఎనిమిది దాకా తెలుగులో చదివింది. నేను చెప్తుంటే ఆమె రాస్తున్నది. మీ జవాబు కూడా ఆమే చదివి, పెదవులు కదిలించి నాకు చెప్తుంది. దయచేసి ఫోను చేయకండి. ఫోనుకు పెదవులుండవు.

ముప్పై నాలుగేళ్ళు లుంగీలు నేసే పవర్‌లూమ్ షెడ్డులో పని చేశాను. సరసమ్మ అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేది. ముప్పై రెండు మగ్గాల రొదలో నోటిమాట పనికిరాదు. అక్కడ అందరమూ పెదవులు చూసీ, వేళ్ళు చూసీ మాట్లాడుకునేవాళ్ళం. రెండు వేళ్ళు కత్తెరలాగా ఆడిస్తే నూలు తెగిందని అర్థం. మీసం మెలేస్తే ఓనరు వస్తున్నాడని అర్థం. మా సంసారం సగం అట్లాగే జరిగిపోయింది. ఎప్పుడైనా కరెంటు పోతే మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగేవి. సరసమ్మ మాత్రం ఆగేది కాదు, అదే ఊపులో అరిచి మాట్లాడుతూనే ఉండేది. షెడ్డంతా ఆమె గొంతే. దాని కోసం నేను రోజూ కరెంటు పోవాలని మొక్కుకునేవాణ్ణి.

చెవులు పూర్తిగా పోయి పదకొండేళ్ళయింది. వినపడనివాడికి చెప్పి ఏం లాభమని సరసమ్మ కూడా మెల్లగా మాటలు తగ్గించింది. ‘అన్నం’, ‘స్నానం’, ‘మాత్ర’. రోజుకు మూడు మాటలు. చెవి లోపల నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు కబుర్లు మోస్తుందనీ, దాని మీద మీరు పరిశోధన చేస్తున్నారనీ పేపర్లో చదివాను. నాకు సరసమ్మ గొంతు ఒక్కసారి వినాలని ఉంది. ఒక్క రోజు చాలు. తిట్టినా సరే.

ఇట్లు,
మీ మీదే ఆశ పెట్టుకున్న
బలరామయ్య.

తా.క. ఇది ఆయనకు తెలియకుండా సరసమ్మ రాస్తున్నది. నా గొంతు గురించి ఆయన అరగంట చెప్పినారు. నాలుగు ముక్కలే రాశాను. మిగతాది రాయడానికి నాకు సిగ్గు. పైగా అంత బాగుండదు.


సత్తువాచారి, వేలూరు,
జూలై 15.

బలరామయ్య గారికి,

మీనా నమస్కారాలు. నా చెవుల క్షేమం అడిగిన మొదటి మనిషి మీరే. మా అమ్మ కూడా ‘తిన్నావా’ అనే అడుగుతుంది.

మా పని ఏమిటో ఉన్నదున్నట్టు చెప్తాను. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి ఒక భాగం ఉంటుంది. అందులో వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు వేలకొద్దీ ఉంటాయి. శబ్దం వచ్చి తాకగానే అవి ఊగి, ఆ సంగతి నరానికి అందిస్తాయి. అక్కడే నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. చిత్రమైన వార్తాహరుడు. దాన్ని దాచి పెట్టుకోవడం కుదరదు. అప్పటికప్పుడు తయారై, వాకిలి వెతుక్కోకుండా గోడలోంచే పక్క కణంలోకి వెళ్ళి, చెప్పాల్సింది చెప్పి, కొన్ని క్షణాల్లో మాయమవుతుంది. ‘రక్తనాళమా, కాస్త వదులవ్వు, ఇక్కడ రక్తం కావాలి’ అని చెప్పేది అదే. కొద్దిగా ఉన్నంతసేపు మేలు. ఏళ్ళ తరబడి పెద్ద రొద పడితే మోతాదు మించి పుడుతుంది, వేరే పదార్థంతో కలిసి విషమై ఆ కణాలనే చంపుతుంది. మనుషుల్లో ఆ కణాలు మళ్ళీ మొలవవు.

మేం చేసేది గినీ పందుల మీద. ఇక ముందు చెవులు పాడవకుండా ఏమైనా చేయగలమా అన్నదే మా వెతుకులాట. పోయిన వినికిడిని తెచ్చే మందు మా దగ్గర లేదు. ఈ మాట రాయడానికి నాకు మనసు రావడం లేదు, కానీ మీకు అబద్ధం చెప్పలేను.

సెలవు,
మీనా.

తా.క. పేపర్లో బీట్‌రూట్ గురించి కూడా రాశారట. ఆకుకూరలూ బీట్‌రూట్ తింటే, నాలుక మీది సూక్ష్మజీవుల సాయంతో ఈ వాయువు ఒంట్లో కొంత తయారయ్యే మాట నిజమే. దానికీ మీ చెవికీ ఏ సంబంధమూ లేదు.


గుడియాత్తం,
జూలై 29.

బంగారు తల్లి డాక్టరమ్మకు,

బలరామయ్య వేయి నమస్కారాలు. మీ ఉత్తరం చేరింది. సరసమ్మ నా ఎదురుగా కూర్చుని గంటసేపు చెప్పింది. రెండు పేజీల్లో అంత సంగతి ఇరికించారంటే మీ చదువు చదువే.

మీరు ఆజ్ఞాపించినట్టే రోజూ రెండు పూటలా బీట్‌రూట్ తింటున్నాను. కూర, పచ్చడి, పొరియల్, సాంబారు అన్నీ అదే. నాలుక మీది జీవులను కాపాడమన్నారు కదా, పది రోజులుగా నాలుక గీసుకోవడం మానేశాను. అరవై ఏళ్ళ అలవాటు తల్లీ, పొద్దున్నే చెయ్యి దానంతట అదే గీకుడుబద్ద వైపు వెళ్తుంది, మీరు గుర్తుకొచ్చి వెనక్కి తీస్తాను. షెడ్డు స్నేహితుడు రంగరాజులు నాతో మాట్లాడేటప్పుడు కాస్త దూరంగా నిలబడుతున్నాడు. పెదవులు చదివేవాడికి దూరం ఒక లెక్కా?

మందు ఎప్పుడు మొదలుపెడతారో రాయండి.

ఇట్లు,
ఎర్రని నోటితో
బలరామయ్య.

తా.క. డాక్టరమ్మా, నన్ను తిట్టొద్దండి. ‘మొలవవు’ అనే మాట దగ్గర నా నోరు ఆగిపోయింది. ఆయన నా నోటినే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా, చివర్లో బీట్‌రూట్ కనపడింది, అదే చెప్పినాను. నాలుక సంగతి కూడా పొరపాటున చెప్పేసినాను. దానికి శిక్ష నేనే అనుభవిస్తున్నాను, ఒకే గదిలో పడుకునేది నేనే కదా.


వేలూరు,
ఆగస్టు 5.

బలరామయ్య గారికి,

మీనా నమస్కారాలు. దయచేసి రేపు పొద్దున్నే నాలుక గీసుకోండి. ఇది మాత్రం నా ఆజ్ఞే.

ఊరికే ఉత్తరాలు రాసుకోవడం కంటే మీ చెవులు ఒకసారి చూడటం మంచిది. ఈ పద్నాలుగున ఇద్దరూ రండి. వినికిడి యంత్రంతో ఎంతవరకు లాభమో తెలుస్తుంది.

మీనా.

తా.క. సరసమ్మ గారూ, ఇది మీకు. ఆయనకు నిజం చెప్పకపోవడం తప్పు. నేనే తమిళంలో రాసి పంపేదాన్ని, రాదు కాబట్టి మీరు బతికిపోయారు.


వేలూరు,
ఆగస్టు 16.

సరసమ్మ గారికి,

మీనా నమస్కారాలు. ఈ ఉత్తరం మీకే. కాస్త కోపంగా రాస్తున్నాను.

మొన్న మీవారిని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమని మీ చేతనే చెప్పించాను కదా. లెక్కంతా వేసి చూశాను. ఒక్కటి కూడా తప్పలేదు. దోమ రెక్కంత సన్నని శబ్దానికి కూడా నొక్కారు. ఆయన చెవులు నా చెవుల కంటే బాగున్నాయి!

పదకొండేళ్ళుగా ఆయన మిమ్మల్ని ఆట పట్టిస్తున్నారా? కొందరు మగవాళ్ళు పని చెప్తారని వినపడనట్టు ఉంటారని విన్నాను, ఇంత పట్టుదలగా ఉంటారని వినలేదు. మీరే అడగండి.

మీనా.


గుడియాత్తం,
ఆగస్టు 20.

డాక్టరమ్మకు,

బలరామయ్య నమస్కారాలు. పరీక్ష బ్రహ్మాండంగా జరిగిందని నా మనసుకు తెలుస్తున్నది. మీరు కూడా ఎంతో ప్రేమగా తల ఊపారు.

మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ ఉపవాసం మొదలుపెట్టాం, మీరే చెప్పి ఉంటారు. రెండు రోజులుగా ఇంట్లో పొయ్యి వెలగలేదు. సరసమ్మ నా వైపు చూడటం కూడా లేదు. ఇదీ వైద్యంలో భాగమే అనుకుంటాను. ఎన్నాళ్ళు చేయాలో ఒక్క మాట రాయండి, ఆకలి వేస్తున్నది.

ఇట్లు,
ఒట్టి కడుపుతో
బలరామయ్య.

తా.క. ఉపవాసమూ లేదు, గాడిదగుడ్డూ లేదు! ఈ మనిషికి నేను వండి పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. పదకొండేళ్ళు, డాక్టరమ్మా! వినపడదు కదా అని ఆయన వీపు వెనక నిలబడి నేను ఎన్ని అన్నానో మీకు తెలియదు. ఆయన చెల్లెల్ని అన్నాను. ఆయన గురకను అన్నాను. ‘ఈ మనిషిని కట్టుకునేదాని కంటే పలమనేరులో ఆవుల్ని మేపుకున్నా బాగుండు’ అని ఆయన భుజం వెనకే నిలబడి అన్నాను.

ఇంకొకటి కూడా అన్నాను. రెండేళ్ళ కింద ఆయనకు గుండె బాగాలేక ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, ఆయన అటు తిరిగి చొక్కా తొడుక్కుంటుంటే, ‘నువ్వు లేకపోతే నేను ఒక్క దినం ఉండలేనయ్యా’ అన్నాను. తిట్లు విన్నా పోనీ అనుకుంటాను. ఇది కూడా విని ఊరుకున్నాడంటేనే ఏడుపు వస్తున్నది.


వేలూరు,
సెప్టెంబరు 2.

సరసమ్మ గారికి,

మీనా నమస్కారాలు. తప్పు నాది. పొయ్యి వెలిగించండి.

‘మీరు కూడా తల ఊపారు’ అని ఆయన రాయించిన మాట చదివి ఉలిక్కిపడ్డాను. నేను ఇన్నేళ్ళూ గినీ పందులకే పరీక్ష చేశాను. మనిషికి నా చేత్తో చేయడం అదే మొదలు. గినీ పందులు పరీక్ష చేసేవాళ్ళ మొహం చూడవు. శబ్దం వదిలినప్పుడల్లా నా గడ్డం కిందికి దిగుతుందట, అది నాకే తెలియదు. మీవారు అద్దంలోంచి నా గడ్డం చూసి మీట నొక్కారు. ముప్పై నాలుగేళ్ళు మగ్గాల మధ్య కంటితో విన్న మనిషి, ఆయనకు అదే వినడం. ఆయన మోసమేమీ చేయలేదు.

అందుకే మొన్న శనివారం కబురు పెట్టి మళ్ళీ రమ్మన్నాను. ఈసారి గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. ముప్పావు గంట అన్ని శబ్దాలూ పెట్టాను. ఆయన చెయ్యి కదలలేదు. అంతా అయిపోయి, లేవమని నేను భుజం తట్టితే, ఇటు తిరిగి, ‘ఎప్పుడమ్మా మొదలుపెట్టేది?’ అన్నారు. నేను బయటికి వెళ్ళిపోయాను. మీరు చూశారు.

యంత్రం పెట్టినా ఏదో చప్పుడు తెలుస్తుంది, మాట తెలియదు. ఆపరేషన్ చేసి లోపల అమర్చే యంత్రం గురించి పెద్ద డాక్టర్లను అడిగాను. గుండె కాగితాలు చూసి, మత్తు ఇవ్వడం ప్రమాదమన్నారు. మీ గొంతు ఆయన ఇక వినలేరు, పెద్దమ్మా. మీరు వీపు వెనక అన్నవేవీ ఆయన వినలేదు. చివరి మాట కూడా వినలేదు.

ఇది ఆయనకు చెప్పండి. ఈసారి బీట్‌రూట్ వద్దు.

మీనా.


గుడియాత్తం,
సెప్టెంబరు 18.

డాక్టరమ్మకు,

బలరామయ్య నమస్కారాలు. ఇంట్లో భోజనం మళ్ళీ మొదలైంది. మీ దయ.

ఫలితాలు సరసమ్మ చెప్పింది. గినీ పందులకు మందు పని చేసిందనీ, వరసలో నా పేరు రాసుకున్నారనీ, ఓపిక పట్టమనీ రాశారు కదా. పడతాను. వేలూరు వచ్చే దారిలో లత్తేరి స్టేషన్లో రైలు సిగ్నల్ కోసం ఆగితే అందరూ విసుక్కుంటారు, నేను మాత్రం కిటికీ దగ్గర కూర్చుని ఊరు చూస్తాను. నాకు ఆగడం అలవాటే.

మీ గినీ పందులకు నా ఆశీస్సులు.

ఇట్లు,
వరసలో నిలబడిన
బలరామయ్య.

తా.క. చెప్దామనే కూర్చున్నానమ్మా. ఎదురుగా కూర్చుని నోరు తెరిచాను. ఆయన రెండు కళ్ళూ నా పెదవుల మీద పెట్టి, ఇంత మొహం చేసుకుని చూస్తున్నారు. ఆ మాట నా నోటితో ఎట్లా పలికేది? మీరు వచ్చి చెప్పండి. కాదు, రావొద్దు. మీ గడ్డం చూసి కనిపెట్టేస్తారు.


గుడియాత్తం,
అక్టోబరు 10.

డాక్టరమ్మకు,

బలరామయ్య నమస్కారం. ఇది నా సొంత చేత్తో రాసేది. సరసమ్మకు తెలీదు. ఆమె కూరగాయల అంగడికి పోయినాది. నేను మాట్లాడినట్టే రాస్తా ఉండా, తప్పులుంటే మన్నించండి. మీ తెలుగు అక్షరాలన్నీ జాంగ్రీ మాదిరి ఉండాయి, యాడ మొదలుపెట్టేదో యాడ ముగించేదో తెలీలే.

మీ మొదటి ఉత్తరం నాడే నాకు అనుమానం వచ్చినాది. ముప్పై ఏండ్లకు పైన ఆ పెదవులు చూసినోణ్ణి. కాగితం చదివే మనిషి కండ్లు కాగితం మీద ఉండాల కదా, ఆమె కండ్లు నా మీద ఉండాయి. రంగరాజులు చిత్తూరు పోతా ఉంటే ఒకటో తరగతి తెలుగు వాచకం తెమ్మన్నా. టీ అంగడి వెనక కూర్చోని రెండు నెలలు అ ఆలు దిద్దినా. ‘మనవడికా?’ అని ఒకడు అడిగినాడు. నాకే అన్నా. నవ్వినాడు. నవ్వు వినపడలే, కాబట్టి పోనీ అనుకుంటి.

పోయిన వారం బీరువాలో చీరల కింద మీ ఉత్తరాలు దొరికినాయి. ఒక్కో పేజీకి ఒక పూట పట్టినాది. మొలవవని రాసింది చదివినా. వినలేరని రాసింది చదివినా. ఆ దినం అన్నం దిగలేదు. సరసమ్మ వీపు వెనక ఏందో అనిందని కూడా రాసినారు. చివరి మాట ఏందో మీరు రాయలేదు. అది ఏందో చెప్పొద్దు. ఆమే ఒక దినం నా ముందు అంటాదేమో చూస్తా.

ఒక సంగతి మాత్రం అడగాల. మొగుడు రోజూ గిన్నెలు తోమితే చేతుల్లో రక్తం బాగా పారి చెవికి మంచిదని మీరు రాసినారని ఆమె చెప్పింది. జూలై నుంచి రెండు పూటలా నేనే తోమతా ఉండా. మీ నాలుగు ఉత్తరాలూ రెండుసార్లు వెతికినా, యాడా గిన్నె అనే మాటే లేదు.

ఆమె మీద కోపం లేదమ్మా. ఆమెకు ఏమీ చెప్పొద్దండి. నాకు తెలుగు వచ్చునని అసలే చెప్పొద్దు. ఆ గొంతు మీద ఆశ నాకు చావలేదు, చావదు కూడా. కానీ ఒకటి ఉండాది. ఇన్నేండ్లు మూడు మాటలు పారేసి వంటింట్లోకి పోయిన మనిషి, మీ ఉత్తరం వచ్చిన దినం తల దువ్వుకోని, ముక్కాలిపీట లాక్కోని, నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంటాది. ఒక్కొక్క మాట మెల్లగా, నాకు తెలిసేటట్టు పలుకుతాది. మీరు రాయనివి ఎన్నో చెప్తాది, మా పెండ్లి నాటి సంగతులు కూడా మీ పేరు మీదే చెప్తాది. చెవి ఉండే కాలంలో కూడా ఆమె నా మొగం చూసి అంతసేపు మాట్లాడలే.

అందుకని మందు పంపకపోయినా ఉత్తరాలు ఆపొద్దండి. గినీ పందుల గురించి రాయండి, వానల గురించి రాయండి, మీకు తోచింది ఏదైనా రాయండి.

ఇట్లు,
బలరామయ్య.

తా.క. కొంచెం పొడుగ్గా రాయండి తల్లీ. పొట్టి ఉత్తరం వస్తే తొందరగా లేచి పోతాది.